ఇనుము సాగడానికి చోటు

సిలిండర్ల పొగను పోగుచేసి టర్బోకు అందించే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు, ఇంజిన్ హోరెత్తుతున్నప్పుడు పగలడం తక్కువ. దాని పగులు నోరు తెరిచేది చల్లారేటప్పుడు. రాత్రి బాగానే ఆపిన బోరు బండి (రిగ్గు) తెల్లారి స్టార్ట్ చేయగానే 'టస్ టస్'మని దగ్గుతుంది, నల్లపొగ కక్కుతుంది, కంప్రెసర్‌లో గాలి ఎక్కదు. డ్రైవరు టర్బోను అనుమానిస్తాడు. మెకానిక్ చేత్తో తడిమి, మసి చారను చూసి, మ్యానిఫోల్డు పోయిందని తేలుస్తాడు. ఇక అక్కడి నుంచి బేరం మొదలవుతుంది. కంపెనీది కొనాలా, లోకల్‌ది కొనాలా, పాతదాన్నే వెల్డింగ్ కొట్టించాలా, లేక పైపులు కోసి కొత్తది చేయించుకోవాలా?

ఇలాంటి బేరాలు సాగే ఊరు గుత్తి. ఆ పేరు వినగానే చాలామందికి కోట గుర్తొస్తుంది. డీజిల్‌తో బతికేవాళ్లకు మాత్రం గుత్తి అంటే హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి, బళ్లారి నుంచి తాడిపత్రి మీదుగా పోయే 67వ నంబరు రహదారి కలిసే చోటు. గుంతకల్లు డివిజన్‌లోని పెద్ద రైలింజన్ల షెడ్డు ఉన్న ఊరు కూడా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా కాబట్టి బోరు బండ్లకు ఇక్కడ కరువు కాలమే పనికాలం. లారీ, రిగ్గు, రైలింజన్... ఈ మూడింటికీ ఉమ్మడి బాధ ఒకటుంది: ఎర్రగా కాలే ఒక లోహపు గొట్టాన్ని, కాలని ఇంజిన్‌కు బిగించి ఉంచడం.

డీజిల్ ఇంజిన్‌లో మండిన ఇంధనపు శక్తిలో దాదాపు మూడో వంతు పొగ రూపంలో బయటికి పోతుంది. ఆ పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు చివర మరో చక్రంతో గాలిని కుక్కి ఇంజిన్‌లోకి పంపవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూహి 1905లో పేటెంటు తీసుకున్నాడు. మనం టర్బో అనేది దాన్నే. తగిన లోహాలు, బేరింగులు లేక అది ఇరవయ్యేళ్లు కాగితం మీదే ఎక్కువగా నలిగింది. 1920ల నడుమ 'డాన్జిగ్', 'ప్రాయ్‌సెన్' అనే రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల ఇంజన్లకు టర్బో బిగించినప్పుడు వాటి బలం 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది. సిలిండర్లు అవే. మారిందల్లా వాటిలోకి పోయే గాలి.

బూహి 1925లో ఇంకో పేటెంటు తీసుకున్నాడు. నా లెక్కలో మ్యానిఫోల్డు కథకు అదే అసలు మొదలు. పొగ సిలిండర్ నుంచి ధారగా రాదు, తోపులు తోపులుగా వస్తుంది. వాల్వు తెరుచుకోగానే దూసుకొచ్చే ఆ మొదటి తోపును చెదరనీయకుండా టర్బైన్ దాకా తీసుకుపోతే చక్రానికి అదనపు ఊపు దొరుకుతుంది. ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్ సాధారణంగా 1-5-3-6-2-4 వరుసలో మండుతుంది. ఒకటి, రెండు, మూడు సిలిండర్లను ఒక గొట్టంలోకి, నాలుగు, అయిదు, ఆరును వేరే గొట్టంలోకి తెస్తే, ఒక్కో గొట్టంలో తోపుకూ తోపుకూ మధ్య క్రాంకు 240 డిగ్రీలు తిరుగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉండేది కూడా ఇంచుమించు అంతసేపే. అందుకే ఒక సిలిండర్ పొగ పక్క సిలిండర్‌లోకి ఎదురు తన్నదు. మంచి లారీ టర్బో నోటిని చూడండి, మధ్యలో ఒక గోడ ఉంటుంది. ఈ రెండు దారులను చివరిదాకా కలవనీయకుండా ఉంచేందుకే ఆ గోడ. ఇంట్లో చేసుకున్న మ్యానిఫోల్డుల్లో చాలావాటికి ఈ గోడ దగ్గరే తెగులు. ఆరు గొట్టాలనూ ఒకే డబ్బాలోకి కలిపి, దాని మీద రెండు నోళ్ల టర్బోను కూర్చోబెడతారు. బండి నడుస్తుంది, కానీ కింది ఆర్‌పీఎంలో ఊపు ఉండదు.

గొట్టం లావు కూడా ఇలాంటిదే. లావుగా ఉంటే పొగ సాఫీగా పోతుందని అనిపిస్తుంది. సైలెన్సర్ వైపు అది నిజమే. టర్బోకు ముందు మాత్రం లావు గొట్టంలో ఆ తోపు విచ్చుకుని నీరసపడిపోతుంది. సిలిండర్ హెడ్డులోని పొగ రంధ్రం ఎంతుందో గొట్టం ఇంచుమించు అంతే ఉండాలి.

ఇక వేడి సంగతి. నిండు లోడు మీద లారీ డీజిల్ పొగ టర్బోలోకి పోయేటప్పుడు 600 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పెట్రోలు టర్బో ఇంజిన్‌లో 900 కూడా దాటుతుంది. గుత్తి సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, సముద్రతీరాన 15 డిగ్రీల దగ్గర ఉండే గాలి కంటే సుమారు 12 శాతం పలచన. ఎండ వల్ల ఎనిమిది తొమ్మిది శాతం, ఎత్తు వల్ల నాలుగు శాతం. పంపు పోసే డీజిల్ అంతే, దాన్ని మండించే గాలి తక్కువ. టర్బో కొంత సర్దుతుంది, మిగిలిన లోటు పొగ వేడిగా మారుతుంది. నీళ్ల కోసం బోర్లు ఎక్కువగా పడే నెలలూ, మ్యానిఫోల్డులు ఎక్కువగా కాలే నెలలూ ఒకటే కావడం రిగ్గు యజమానుల దురదృష్టం.

రిగ్గుకు ఇంకో బెడద ఉంది. బోరు వేసేటప్పుడు ఇరవై అడుగులకొక రాడ్డు కలుపుతారు. రాడ్డు దిగినంతసేపూ కంప్రెసర్ ఇంజిన్ నిండు లోడు మీద అరుస్తుంది, కొత్త రాడ్డు బిగించేటప్పుడు లోడు దిగుతుంది. వెయ్యి అడుగుల బోరుకు యాభై రాడ్లు, అంటే మ్యానిఫోల్డు యాభై సార్లు కాలి యాభై సార్లు చల్లబడుతుంది, ఒక్క బావికే. హైవే మీద ఒకే వేగంతో బెంగళూరు పోయే లారీకి ఈ బాధ లేదు. ఇంజిన్ ఒకటే అయినా రిగ్గు మీద మ్యానిఫోల్డు ముందు పోవడానికి కారణం నడిచిన గంటల్లో కాదు, ఈ ఎక్కుదిగుళ్లలో వెతకాలి.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. ఆరు సిలిండర్ల మ్యానిఫోల్డు పొడవు 80 సెంటీమీటర్లు అనుకోండి. ఇనుము మీటరు పొడవుకు, ఒక్క డిగ్రీకి, మిల్లీమీటరులో వెయ్యింట పన్నెండు వంతుల చొప్పున సాగుతుంది. మ్యానిఫోల్డు లోహం 550 డిగ్రీలకు చేరితే మొత్తం సాగుడు అయిదు మిల్లీమీటర్లు. దాన్ని పట్టుకున్న హెడ్డు లోపల నీళ్లు తిరుగుతుంటాయి కనుక అది వంద డిగ్రీల దగ్గరే ఆగి, అర మిల్లీమీటరుకు కాస్త పైన మాత్రమే సాగుతుంది. అంటే రెండింటికీ నాలుగు మిల్లీమీటర్లకు పైగా తేడా. రెండింటినీ కలిపి బిగించిన స్టడ్లు కదలనివ్వకపోతే ఆ నాలుగు మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి?

అవి లోహంలోకే ఇంకుతాయి. పూర్తిగా బంధించిన ఉక్కును 500 డిగ్రీలు వేడిచేస్తే దానిలో పుట్టే ఒత్తిడి లెక్కప్రకారం 1,200 మెగాపాస్కల్స్. మామూలు ఉక్కు 250 దగ్గరే లొంగిపోతుంది, వేడి మీద ఇంకా ముందే. కాబట్టి సాగలేని మ్యానిఫోల్డు ఎర్రటి వేడిలో తనలోకి తానే కుంగి, ఆ కుదించుకున్న కొలతకే అలవాటు పడుతుంది. అప్పటికి పగులు లేదు. ఇంజిన్ ఆపుతారు. చల్లారేకొద్దీ అది ఇంకా ముడుచుకోవాలి, కానీ చివర్లను స్టడ్లు పట్టుకుని ఉన్నాయి. కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టాను బండిచక్రానికి ఎక్కించి నీళ్లు చల్లితే అది చెక్కను ఎలా బిగదీస్తుందో, ఇక్కడ మ్యానిఫోల్డు హెడ్డును అలా బిగదీస్తుంది. హెడ్డు లొంగదు. మ్యానిఫోల్డులో సన్నటి చోటు, ఎక్కువగా రెండు గొట్టాలు కలిసే మూల, చిట్లుతుంది. మొదటి రోజు వెంట్రుకంత, కొన్ని వందల ఎక్కుదిగుళ్ల తర్వాత వేలు పట్టేంత.

షాపులో దొరికే మంచి మ్యానిఫోల్డు ఈ లెక్క తెలిసినవాడు చేసినది. పెద్ద ఇంజన్లకు అది ఒక్క ముక్కగా రాదు. మూడు ముక్కలుగా వస్తుంది, ఒకదానిలోకి ఒకటి జారే కీళ్లతో, ఆ కీళ్లలో పిస్టన్ రింగుల్లాంటి రింగులతో. ప్రతి ముక్కా తన రెండు సిలిండర్ల మేరకే సాగి, పక్కదానిలోకి జరుగుతుంది. బోల్టు రంధ్రాలు మధ్యలో బిగువుగా, చివరలకు పోయేకొద్దీ వదులుగా ఉంటాయి. కొందరు మెకానిక్‌లు ఆ వదులును తయారీ లోపం అనుకుని వాషర్లు, బుష్షులు వేసి సరిచేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ఆ మ్యానిఫోల్డు మీద జాలేస్తుంది.

లోహం కూడా మామూలు బీడు ఇనుము కాదు. మామూలు బీడులో గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది, వేడిమీద ఆ రేకుల వెంబడే ఆక్సిజన్ లోపలికి పాకుతుంది. ఇనుము లోపలి నుంచి తుప్పుపట్టి ఉబ్బుతుంది, వంకర పోతుంది. అందుకే మంచి మ్యానిఫోల్డుకు గ్రాఫైట్‌ను గోళీలుగా మార్చిన ఇనుములో నాలుగు శాతం దాకా సిలికాన్, కాస్త మాలిబ్డినం కలుపుతారు. ఇంకా వేడి ఇంజన్లకు 35 శాతం నికెల్ ఉన్న ఇనుము వాడతారు, దాని ధర కూడా అలాగే ఉంటుంది. కోయంబత్తూరు, బెళగావి, కొల్హాపూర్ ఫౌండ్రీలు ఇలాంటి పోతలకు పేరుపడ్డవి. అక్కడ ఖర్చంతా మొదటి ముక్కకే: నమూనా చెక్కాలి, లోపలి వంకర దారులకు ఇసుకతో కోరు తయారుచేయాలి, పోత పోసి కోసి చూడాలి. పదివేల ముక్కలు పోస్తే ఆ ఖర్చు చిల్లరైపోతుంది. ఒక్క ముక్క కావాల్సినవాడు పోత జోలికి పోడు, పైపులు అతికిస్తాడు. చేయించడానికీ కొనడానికీ మధ్య ఆర్థికశాస్త్రం ఇంతే.

పేరులేని డబ్బాలో సగం ధరకు దొరికే మ్యానిఫోల్డు కూడా చూడడానికి అచ్చం కంపెనీదే. ఆకారాన్ని నకలు చేయడం తేలిక, కలిపిన సిలికాన్ కంటికి కనబడదు. కనబడేవి రెండున్నాయి. హెడ్డుకు ఆనే ముఖం మీద సమంగా ఫేసింగ్ పట్టారా లేదా, స్కేలు ఆనించి చూడవచ్చు. లోపల కోరు ఇసుక అతుక్కుని ఉందా, వేలు పెట్టి చూడవచ్చు. లారీ టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఆ వేగంలో ఒక ఇసుక పలుకు రెక్కకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

వెల్డింగ్ గురించి రెండు మాటలు. బీడులో మూడు శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. అతుకు పక్కన కాలిన చోటు గబుక్కున చల్లారితే గాజులా పెళుసైన తెల్ల ఇనుముగా మారుతుంది. నికెల్ రాడ్డు వాడి, ముందు మొత్తాన్ని కాల్చి, తర్వాత బూడిదలోనో పొడి ఇసుకలోనో పాతిపెట్టి మెల్లగా చల్లారనిస్తే అతుకు నిలవచ్చు. ఏళ్లపాటు కాలి లోపలిదాకా ఆక్సైడు పట్టిన పాత మ్యానిఫోల్డుకు అయితే రాడ్డు సరిగా అంటదు. ఇత్తడితో బ్రేజింగ్ చేస్తే చూడడానికి బాగుంటుంది, ఎర్రటి వేడిలో ఆ ఇత్తడికి బలం ఉండదు. తాత్కాలికంగా బండిని ఊరు చేర్చడానికి సరే.

పైపులతో చేయించుకోవడం వేరే విద్య. హెడ్డుకు ఆనే ఫ్లాంజి పది పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు ఉండాలి. గొట్టాలకు సన్నటి సైలెన్సర్ పైపు పనికిరాదు, స్టీమ్ పైపు కావాలి. ఒకటిన్నర అంగుళాల స్టీమ్ పైపుకు బయటి కొలత 48 మిల్లీమీటర్లు, గోడ మందం రకాన్నిబట్టి 2.8 లేదా 3.7. వంపులకు అదే మందం రెడీమేడ్ ఎల్బోలు దొరుకుతాయి. పైపు వంచితే బయటి గోడ పలచబడుతుంది కనుక ఎల్బోలే మేలు. ఇక లోహం ఏది? మామూలు ఉక్కు చవక, అతకడం తేలిక, సాగుడూ తక్కువ. కానీ 550 డిగ్రీలు దాటితే పెచ్చులు రేగుతుంది, ఆ పెచ్చులు పోయేది టర్బోలోకే. స్టెయిన్‌లెస్ 304 పెచ్చులు రేగదు, మెరుస్తుంది, రీల్స్‌లో బాగుంటుంది. మన లెక్కలో అదే 80 సెంటీమీటర్లు స్టెయిన్‌లెస్ అయితే అయిదుకు బదులు ఏడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. పైగా వేడిని పక్కకు పంచే గుణం దీనికి మామూలు ఉక్కులో మూడో వంతే, అందుకని కాలిన చోటే మరింత కాలుతుంది. బీడు మ్యానిఫోల్డు కొలతలతో స్టెయిన్‌లెస్‌లో ఒకే ముక్కగా చేస్తే, ఖరీదైన లోహం చవకదాని కంటే ముందే పగలడానికి కారణం ఇదే.

304లో ఇంకో మెలిక: 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే దానిలోని క్రోమియం కార్బన్‌తో కలిసి రేణువుల అంచుల్లో గూడుకడుతుంది. ఆ అంచులు తుప్పుకు, పగుళ్లకు లోకువైపోతాయి. మ్యానిఫోల్డు తన జీవితమంతా గడిపేది సరిగ్గా ఆ వేడిలోనే. టైటానియం కలిపిన 321 రకం దీనికి తగిన మందు, చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. కార్బన్ తగ్గించిన 304ఎల్ కొంత నయం. అతకడం ఆర్గాన్ వెల్డింగ్‌తోనే చేయాలి, పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి. లోపల గాలి ఉంటే అతుకు వెనకవైపు నల్లగా, గరుకుగా, చక్కెర పలుకుల్లా కాలిపోతుంది. బయటి నుంచి చూస్తే అందమైన అతుకు, లోపల రాలిపోయే పొక్కు.

అన్నిటికంటే వెల్డర్‌ను ఏడిపించేది వంకర. ఆరు గొట్టాలను ఒక ప్లేటుకు అతికితే ప్లేటు అరటికాయలా వంగుతుంది. అనుభవమున్నవాడు ముందు మందపాటి దిమ్మకో పాత హెడ్డుకో ఫ్లాంజిని బిగించి, ఒకచోట కొంచెం, దూరంగా ఇంకోచోట కొంచెం అతుకుతూ పోతాడు. పూర్తిగా చల్లారాకే విప్పుతాడు. తర్వాత లేత్ షాపులో ముఖానికి ఫేసింగ్ పట్టించి, సిలిండర్ల మధ్య ఫ్లాంజిని రంపంతో కోసి విడగొడతాడు. అంత కష్టపడి చేసినదాన్ని కోయడం ఏమిటని చూసేవాడికి అనిపిస్తుంది. ఆ కోతే దాన్ని బతికించేది. టర్బో బరువు పది పదిహేను కిలోలుంటుంది, దాన్ని గొట్టాల మీద వేలాడదీయకుండా ఇంజిన్ దిమ్మకు బ్రాకెట్ వేసి మోయించాలి. లేకపోతే వేడి పని సగం చేస్తే అదురు మిగతా సగం చేస్తుంది.

ఇదే సమస్యను గుత్తి షెడ్డు చాలా పెద్ద కొలతలో చూసింది. అక్కడ దశాబ్దాలపాటు తిరిగిన డబ్ల్యూడీఎం-2 రైలింజన్ల గుండె అమెరికాలోని ఆల్కో కంపెనీ 251 ఇంజిన్: పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. ఒక్కో సిలిండర్ తొమ్మిది అంగుళాల వెడల్పు. అన్ని సిలిండర్ల పొగనూ ఇంజిన్ పొడవునా మోసి ఒక్క టర్బోకు అందించాలి. అంత పొడవు గొట్టం వేడికి సాగితే ఆపగల స్టడ్డు లేదు. అందుకే దాన్ని ముక్కలుగా చేసి, మధ్యమధ్య అకార్డియన్‌లా ముడతలుపడ్డ ఉక్కు బెల్లోస్‌లు పెట్టారు. లోహం సాగినప్పుడు బెల్లోస్ నలుగుతుంది, చల్లారినప్పుడు విచ్చుకుంటుంది. ఎన్నోసార్లు నలిగి బెల్లోస్ చిరగడం మామూలే. చిరిగినదాన్ని మార్చుకుంటే మ్యానిఫోల్డు మిగులుతుంది. సిగ్నల్ దాటి బయల్దేరేటప్పుడు ఆ ఇంజన్లు ఆకాశానికెత్తిన నల్లపొగ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. డీజిల్ ముందు పడి, టర్బో వేగం పుంజుకోవడానికి ఆలస్యమైతే వచ్చే పొగ అది. పొగ దారిలో ఎక్కడ లీకున్నా ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

కొనాలా చేసుకోవాలా అన్న ప్రశ్నకు రైల్వే చెప్పిన జవాబు కూడా ఆసక్తికరం. 1962లో ఈ ఇంజన్లు మొదట అమెరికా నుంచి తయారై వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో లైసెన్సు మీద మనమే చేయడం మొదలుపెట్టాం. 1969లో ఆల్కో రైలింజన్ల తయారీ మానేసింది. అమ్మినవాడు కొట్టు కట్టేశాడు, కొన్నవాడి దగ్గర బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. విడిభాగాల కోసం పాటియాలాలో 1981లో ప్రత్యేకంగా ఒక కర్మాగారమే పెట్టారు. అదే రైల్వే, టర్బో విషయంలో మాత్రం పాత ఆల్కో నమూనాను పట్టుకుని వేలాడలేదు. నేపియర్, ఏబీబీ వంటి కంపెనీల మెరుగైన టర్బోలను తెచ్చి అమర్చుకుంది. అదే కుటుంబపు ఇంజిన్ తర్వాత 3,100 హార్స్‌పవర్‌కు ఎదిగింది. బజారులో దొరకనిది చేసుకున్నారు, తమకంటే బాగా చేసేవాడున్న చోట కొన్నారు.

నన్నడిగితే, గుత్తి రోడ్డు మీద ఆగిన రిగ్గుకు ఈ కొలమానమే సరిపోతుంది. ఇంజిన్ మోడల్‌కు మూడు ముక్కల మ్యానిఫోల్డు దొరుకుతుంటే కొనాలి, పేరున్నదే కొనాలి. ఒక్కరోజు రిగ్గు ఆగితే పోయే కూలీ ముందు ధర తేడా చిన్నది. టర్బో లేని పాత ఇంజిన్‌కు కొత్తగా టర్బో పెట్టేవాళ్లకు, కంపెనీ తయారీ మానేసిన ఇంజిన్ ఉన్నవాళ్లకు మాత్రం చేయించుకోవడం తప్పదు. రోడ్డు మీద తిరిగే బండి ఇంజిన్‌ను అలా మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌నూ ఓసారి చూసుకోవాలి. సమాన పొడవు గొట్టాల పాములాంటి మ్యానిఫోల్డు రేసు కారుకు అందం. రెండువేల ఆర్‌పీఎం దాటని డీజిల్‌కు పొట్టిగా, గట్టిగా, రెండు దారులుగా విడిపోయిన మామూలు ఆకారం చాలు.

కొన్నా చేయించినా బిగించే తీరు ఒకటే. పాత ప్యాకింగ్, సాగిపోయిన స్టడ్లు మళ్లీ వాడొద్దు. మధ్య సిలిండర్ల నుంచి మొదలుపెట్టి చివరలకు పోతూ టార్కు రెంచితో బిగించాలి. ఒకసారి బాగా కాల్చి, పూర్తిగా చల్లార్చి, కంపెనీ చెప్పిన చోట మళ్లీ టార్కు చూడాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగ దారిలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపి, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే లీకు బుడగలై కనిపిస్తుంది. నిండు లోడు మీద నుంచి ఇంజిన్‌ను ఒక్కసారిగా ఆపకుండా మూడు నుంచి అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో బేరింగులకూ మేలు, మ్యానిఫోల్డుకూ మేలు. చేయించినవాళ్లు ఇంకో పని కూడా చేయాలి: ఫ్లాంజిని బిగించిన ఆ దిమ్మను, గొట్టాలు కోసిన కొలతల కాగితాన్ని పారేయకూడదు. మొదటి మ్యానిఫోల్డుకు పట్టే సమయంలో ఎక్కువ భాగం వాటికే పోతుంది. అవి చేతిలో ఉంటే రెండోదానికి మిగిలేది కోత, అతుకు, ఫేసింగ్ మాత్రమే. అదే ఇంజిన్ ఉన్న పక్క ఊరి రిగ్గువాడు వచ్చి తనకూ ఒకటి కావాలని అడిగితే ధర చెప్పడానికి వీలుంటుంది.